గోదావరి అడుగున ఎవరుంటారు? పులస నుంచి పురుగు దాకా



గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే చాలు, మన ఫోన్లు పులస వీడియోలతో నిండిపోతాయి. వేలంలో ఎంత పలికింది, ఎవరు కొన్నారు, పులుసులో బెండకాయ వెయ్యాలా వద్దా... ఇదే గోల. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెతను ఆ వారంలో కనీసం పదిసార్లు వింటాం. నాకూ ఆ పులుసంటే ఇష్టమే, కాదనను. కానీ ఈ ఎపిసోడ్ వంట గురించి కాదు. ఆ చేప ఏటిలోకి ఎందుకు వస్తుంది, దాని పిల్లలు ఏం తిని పెరుగుతాయి, ఆ తిండి ఎక్కడి నుంచి వస్తుంది అని అడుగుతూ కిందికి వెళ్తే చివరికి ఏటి అడుగున ఇసుకలో, రాళ్ల కింద, కుళ్లిన ఆకుల మధ్య తేలతాం. అక్కడున్న వాళ్ల గురించే ఇవాళ మాట్లాడుకుందాం. వాళ్లకి వెన్నెముక లేదు. మనలో చాలామందికి వాళ్ల పేర్లు కూడా తెలియవు.

ముందు పులస సంగతే చూద్దాం. సముద్రంలో ఉన్నప్పుడు దీన్నే విలస అంటారు. శాస్త్రీయ నామం టెన్యులోసా ఇలీషా. బెంగాలీవాళ్ల ఇలిష్ కూడా ఇదే చేప. ఉండేది ఉప్పునీటిలో, గుడ్లు పెట్టేది మంచినీటిలో. జులై, ఆగస్టు నెలల్లో వరద నీరు సముద్రంలో కలవగానే ప్రవాహానికి ఎదురీదుతూ గౌతమి, వశిష్ఠ పాయల్లోకి ఎక్కుతుంది. ఒక్కో ఆడచేప కడుపులో గుడ్లు లక్షల్లో ఉంటాయి. ఆ గుడ్లు పగిలి వచ్చిన పిల్లలు కొన్ని నెలలు ఏటిలోనే పెరిగి, తర్వాత సముద్రానికి దిగుతాయి.

ఆ నెలల్లో అవి ఏం తింటాయి? నీటిలో తేలే సూక్ష్మమైన నాచు, ఇంకా కంటికి చుక్కల్లా కనిపించీ కనిపించని చిన్న చిన్న జీవులు. వాటిలో చాలావరకు రొయ్యకు దూరపు చుట్టాలే, డాఫ్నియా లాంటివి. పులస మొప్పల్లో దువ్వెన పళ్లలాంటి ముళ్లుంటాయి. నోట్లోకి నీళ్లు తీసుకుని, ఆ దువ్వెనతో జల్లెడ పట్టి, మిగిలింది మింగుతుంది. అంటే వేలకు వేలు పోసి కొనే ఈ చేప బతుకంతా మనం లెక్కలోకే తీసుకోని జీవుల మీద ఆధారపడి ఉంది. సముద్రంలో పెరిగినా, ఏటిలో పెరిగినా దాని తిండి ఆ జల్లెడలో పడ్డదే.

ఇప్పుడు పులసకు సరిగ్గా ఎదురు దారిలో నడిచే ఇంకో జీవి గురించి చెప్తాను. నీలకంఠ రొయ్య. మార్కెట్లో స్కాంపీ అంటారు. పొడవాటి నీలిరంగు కాళ్లుంటాయి, చూసే ఉంటారు. ఇది పెరిగేది మంచినీటి ఏటిలో. కానీ దాని పిల్లలు బతకాలంటే కొంత ఉప్పు కావాలి. అందుకని గుడ్లు మోసుకుంటూ ఆడరొయ్య ఏటి ముఖద్వారం వైపు దిగుతుంది. అక్కడ ఉప్పూ తీపీ కలిసిన నీటిలో పిల్లలు పుడతాయి. కాస్త పెరిగాక అవే మళ్లీ పైకి నడక మొదలుపెడతాయి. నడక అని ఊరికే అనలేదు. ప్రవాహం మరీ ఎక్కువగా ఉంటే ఒడ్డు పక్కన తడిరాళ్ల మీద పాకుతూ కూడా ఎక్కుతాయి.

ఇక మలుగుపాము. పాము కాదు, చేపే. అది ఏటిలో ఏళ్ల తరబడి పెరిగి, గుడ్లు పెట్టడానికి సముద్రంలో ఎక్కడికో దూరంగా వెళ్లిపోతుంది. అంటే ఒకటి ఎక్కేది, ఒకటి దిగి ఎక్కేది, ఒకటి ఎక్కి దిగేది. మన నేషనల్ హైవే మీద సంక్రాంతి ట్రాఫిక్ లాగా ఏటిలో రెండువైపులా రాకపోకలు ఉంటాయన్నమాట. మనం నదిని ఒకవైపు మాత్రమే పారే పైపులా ఊహించుకుంటాం. నీళ్లు ఒకవైపే పోతాయి, నిజమే. ప్రాణాలు మాత్రం రెండువైపులా తిరుగుతాయి.

ధవళేశ్వరం ఇక్కడే వస్తుంది. 1852లో సర్ ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982 నుంచి ఉంది. డెల్టాలో అన్నం తిన్న ఏ కుటుంబమూ కాటన్ దొరను తిట్టదు, నేనూ తిట్టను. కానీ పులస కోణంలో చూస్తే అది దారికి అడ్డంగా లేచిన గోడ. ఇవాళ పులస వేట అంతా సముద్రానికీ బ్యారేజీకీ మధ్యనే ఎందుకు జరుగుతోందో మ్యాప్ చూస్తే అర్థమైపోతుంది. గంగ మీద దీనికంటే స్పష్టమైన ఉదాహరణ ఉంది. 1975లో ఫరక్కా బ్యారేజీ మొదలవ్వకముందు ఇలిష్ అలహాబాద్ దాటి వెళ్లేది. తర్వాత ఆ పైభాగంలో వేట దాదాపు కుప్పకూలింది. అక్కడ చేపలు పట్టి బతికిన కుటుంబాలకు ఎవరూ నోటీసు ఇవ్వలేదు. ఏడాది తర్వాత ఏడాది వల తేలికగా పైకి వచ్చింది, అంతే.

పోలవరం దగ్గర చేపల కోసం ఫిష్ ల్యాడర్ డిజైన్‌లో పెట్టారు. మంచిదే. కానీ ఒక మాట. నిచ్చెన ఎక్కిన చేపకు పైన దొరికేది ఏరు కాదు, రిజర్వాయర్. నిలిచిన నీళ్లు, అడుగున బురద. గుడ్లకు పారే నీరు కావాలి. పిల్లలకు ఆ పారే నీటిలో పుట్టే తిండి కావాలి. నిచ్చెన కట్టడం ఇంజినీరింగ్ సమస్య. పైన ఇల్లు ఉంచడం వేరే సమస్య, దానికి కాంక్రీటుతో జవాబు దొరకదు.

సరే, ఇక అడుగుకు దిగుదాం.

మారేడుమిల్లి వైపు వెళ్లినవాళ్లు అక్కడి వాగులు చూసే ఉంటారు. పైన చెట్లు కమ్ముకుని ఉంటాయి. నీటి మీద ఎండే పడదు. ఎండ లేకపోతే నాచు పెద్దగా పెరగదు. మరి ఆ వాగులో బతికేవాళ్లకు తిండేది? రాలిన ఆకులు. ఆకు నీటిలో పడగానే రెండు మూడు వారాల్లో దాని మీద బూజు, బ్యాక్టీరియా పడతాయి. ఆకు మెత్తబడుతుంది. అప్పుడు దాన్ని చింపి తినేవాళ్లు వస్తారు. చల్లని దేశాల్లో ఈ పని ఎక్కువగా పురుగులే చేస్తాయి. మనలాంటి వేడి ప్రాంతాల్లో ఆకు చింపే పురుగులు తక్కువ. ఆ పనిలో పెద్ద వాటా పీతలది, చిన్న రొయ్యలది. వాళ్లు చింపి తిని వదిలిన పొడి, పెంట, ముక్కలు కిందికి కొట్టుకుపోతాయి. కింద క్యాడిస్ ఫ్లై అనే పురుగు పిల్లలు రాళ్ల మధ్య పట్టులాంటి దారంతో వల అల్లుకుని కూర్చుంటాయి. అవును, వలే. మన జాలరి వేసే వల లాంటిదే, సైజు గోరంత. కొట్టుకొచ్చిన పొడిని అందులో పట్టుకుని తింటాయి. వాటిని తినడానికి చిన్నచేప, ఆ చిన్నచేపను తినడానికి వాలుగ, జెల్ల. అడవిలో రాలిన ఆకు ఇలా చేతులు మారుతూ చివరికి మన పళ్లెంలోకి వస్తుంది.

మధ్యలో ఆ ఆకు చింపేవాళ్లు లేకపోతే ఏమవుతుంది అన్న ప్రశ్నకు ప్రయోగం చేసి జవాబు కనుక్కున్నారు. అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో కవీటా అనే పరిశోధనా అడవి ఉంది. అక్కడ బ్రూస్ వాలెస్, ఆయన సహచరులు 1980లో ఒక చిన్న వాగులో పురుగుమందు వేసి దాదాపు పురుగులన్నింటినీ తీసేశారు. ఫలితం ఏంటంటే ఆకులు అక్కడే పేరుకుపోయాయి, కిందికి కొట్టుకుపోవాల్సిన పొడి బాగా తగ్గిపోయింది. అంటే కింద వల వేసుకుని కూర్చున్నవాళ్లకు రేషన్ బంద్. ఇది వినగానే నాకు మా ఆఫీసు సర్వర్లు గుర్తొచ్చాయి. బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే చిన్న ప్రాసెస్‌ను ఎవరో ‘ఇది ఎందుకులే’ అని ఆపేస్తారు. ఆ రోజు ఏమీ అవ్వదు. వారం తర్వాత దానికి సంబంధమే లేదనుకున్న రిపోర్టు రావడం ఆగిపోతుంది.

దీనికంటే నాకు ఎక్కువ నచ్చిన ప్రయోగం జపాన్‌ది. షిగేరు నకానో అనే పరిశోధకుడు హొక్కైడో ద్వీపంలో హొరొనాయ్ అనే వాగు మీద గ్రీన్‌హౌస్ లాగా పైన కప్పు వేశాడు. చెట్ల మీద నుంచి నీటిలోకి పడే పురుగులను ఆపడానికి. 1990ల్లో మాట. మామూలుగా అక్కడి చేపలు వేసవిలో పైనుంచి పడే పురుగులను ఎక్కువగా తింటాయి. కప్పు వేసేసరికి ఆకలేసి అడుగున ఉన్న పురుగుల మీద పడ్డాయి. అడుగు పురుగులు తగ్గాయి. ఆ పురుగులు రాళ్ల మీద నాచు గీరుకుని తినేవి, కాబట్టి నాచు పెరిగిపోయింది. గమనించారా? చెట్ల నుంచి పురుగులు పడకపోతే రాళ్లకు పాకుడు పట్టింది. మధ్యలో ఉన్న లింకు చేప.

అదే వాగు దగ్గర తర్వాత తిరగేసి కూడా చూశారు. నీటిలో పెరిగి రెక్కలొచ్చి బయటికి ఎగిరే పురుగులను ఒడ్డుకు రాకుండా ఆపారు. ఈసారి తగ్గింది ఒడ్డున ఉండే సాలెపురుగులు. అంటే ఏరు అడవికి అన్నం పెడుతుంది, అడవి ఏటికి అన్నం పెడుతుంది. నకానో 2000 సంవత్సరంలో మెక్సికో దగ్గర సముద్రంలో పడవ ప్రమాదంలో చనిపోయాడు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన చూపించిన విషయం మాత్రం ఇప్పుడు ప్రతి నదీ శాస్త్రం పాఠంలోనూ ఉంటుంది.

మనదగ్గర సాయంత్రం గోదావరి గట్టు మీద కూర్చుంటే పిట్టలు నీటికి ఆనీ ఆనకుండా ఎగురుతూ కనిపిస్తాయి కదా. చీకటి పడ్డాక గబ్బిలాలు. అవి ఊరికే షికారు చెయ్యట్లేదు. అప్పుడే నీటిలోంచి లేచిన పురుగులను పట్టుకుంటున్నాయి. మేఫ్లై అని ఒక పురుగు ఉంది. నెలల తరబడి నీటి అడుగున పెరుగుతుంది. రెక్కలొచ్చాక దాని ఆయుష్షు గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు. అప్పటికి దానికి తినడానికి పనికొచ్చే నోరు కూడా ఉండదు. జత కట్టి, గుడ్లు పెట్టి, చచ్చిపోతుంది. దాని బతుకులో మనకు కనిపించేది ఆఖరి రోజు మాత్రమే.

ఇప్పుడు ఆల్చిప్పల దగ్గరికి వద్దాం. సముద్రపువి కాదు, ఏటి ఆల్చిప్పలు. ఇసుకలో సగం పూడుకుని, కొద్దిగా నోరు తెరుచుకుని ఉంటాయి. నీళ్లు లోపలికి పీల్చి, అందులోని నాచు, మురికి పొడి పట్టుకుని, మిగతా నీరు వదిలేస్తాయి. ఒక్కొక్కటి రోజుకు లీటర్ల కొద్దీ నీటిని ఇలా వడగడుతుంది. వేలాది ఆల్చిప్పలున్న ఇసుక మేట అంటే కరెంటు బిల్లు లేని ఫిల్టర్ ప్లాంటు. ఇంట్లో ఆర్వో ఫిల్టర్ క్యాండిల్ మార్చమని ఫోన్లు వస్తుంటాయి. వీటికి ఆ ఖర్చు కూడా లేదు.

కానీ ఆల్చిప్పకు ఒక సమస్య. నడవలేదు. వరదకు ఎప్పుడూ కిందికే కొట్టుకుపోతుంది. ఇలా వేల ఏళ్లు గడిస్తే అన్నీ సముద్రంలో ఉండాలి. మరి పై వాగుల్లో ఆల్చిప్పలు ఎలా ఉన్నాయి? చేపలు మోసుకెళ్లాయి! ఆల్చిప్ప పిల్లలు, దుమ్ము రేణువంత సైజులో, నీటిలోకి వచ్చి పక్కనుంచి వెళ్తున్న చేప మొప్పలనో రెక్కలనో కరిచి పట్టుకుంటాయి. కొన్ని రోజులో, వారాలో అలా టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేసి, కాస్త పెరిగాక రాలిపడతాయి. చేప ఎంత పైకి వెళ్తే ఆల్చిప్ప అంత పైకి. చేప రాకపోతే? ముసలి ఆల్చిప్పలు ఉంటాయి, పిల్లలు ఉండవు. చూసేవాళ్లకు ‘ఆల్చిప్పలు బాగానే ఉన్నాయి కదా’ అనిపిస్తుంది. పిల్లలంతా వెళ్లిపోయి ముసలివాళ్లు మాత్రమే మిగిలిన ఊళ్లు మనకు కొత్త కాదు. అరుగు మీద మనుషులు కనిపిస్తారు, బడి మూతపడి ఉంటుంది.

ఇక్కడ ఇసుక గురించి మాట్లాడకుండా ఉండలేను. ఇసుక మనకు ట్రాక్టరు లోడు, టన్ను రేటు. కానీ ఆల్చిప్పకు అది ఇల్లు. ఇసుకదొందు చేపకు పేరులోనే ఇసుక ఉంది, అది అడుగునే పడుకుని పక్కనుంచి వచ్చే పురుగును పట్టేస్తుంది. ఇసుక రేణువుల సందుల్లోనే పురుగుల గుడ్లు, పిల్లలు ఉంటాయి. యంత్రం పెట్టి మీటర్ల లోతు తవ్వితే ఇల్లు మాత్రమే కాదు, లోపలున్న కుటుంబం కూడా లారీ ఎక్కుతుంది. పైగా తవ్వినప్పుడు లేచిన సన్నటి ఒండ్రు కిందికి పోయి రాళ్ల సందులను పూడ్చేస్తుంది. తవ్వని చోట ఉన్నవాళ్లకు కూడా ఊపిరాడదు. కేంద్ర పర్యావరణ శాఖ 2016 మార్గదర్శకాల్లో మూడు మీటర్లకు మించి తవ్వకూడదని రాసి ఉంది. కాగితం మీద ఆ మూడు మీటర్లు ఎలా ఉంటాయో, రాత్రిపూట ఏటిలో ఎలా ఉంటాయో గోదావరి, కృష్ణ ఒడ్డున ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఇల్లు కట్టుకోవద్దా అని అడగొచ్చు. కట్టుకోవాలి. కానీ ఇసుక ధర లెక్కేసేటప్పుడు అందులో ఫిల్టర్ ప్లాంటు ఖరీదు కూడా ఉందని గుర్తుపెట్టుకునే ప్రభుత్వం నాకైతే ఇంకా కనిపించలేదు, ఏ పార్టీదైనా సరే.

మంచి ఉద్దేశంతో చేసే నష్టం ఇంకోటుంది. దోమల కోసం గంబూసియా చేపలు వదలడం. లక్షల్లో వదిలామని వార్తలు వస్తుంటాయి, ఫొటోల్లో అందరూ నవ్వుతూ ఉంటారు. ఇది అమెరికా చేప. దోమ పిల్లలను తింటుంది, నిజమే. కానీ మన చేపల గుడ్లను, పిల్లలను, కప్ప పిల్లలను, దోమ పిల్లలను తినే ఇతర పురుగులను కూడా తింటుంది. ప్రపంచంలో అత్యంత చెడ్డ 100 ఆక్రమణ జాతుల జాబితాలో దీని పేరుంది. తూనీగ తెలుసు కదా? దాని పిల్ల నీటిలోనే పెరుగుతుంది, దోమ పిల్లలను వెతికి వెతికి తింటుంది. ఉన్న కాపలావాడిని తినేసే కొత్త కాపలావాడిని తెచ్చుకున్నాం. సిమెంటు తొట్టెలో వేస్తే సరే, చెరువుల్లో, ఏళ్లలో వదిలితే వెనక్కి తీసుకోలేం. డెవిల్ ఫిష్ కథా అంతే. అక్వేరియం అద్దాలు శుభ్రం చేస్తుందని దక్షిణ అమెరికా నుంచి తెచ్చుకున్నారు. పెరిగి పెద్దదయ్యాక ఎవరో జాలిపడి చెరువులో వదిలారు. ఇప్పుడు అది గట్లకు బొరియలు పెడుతోంది, దాని ముళ్లకు జాలర్ల వలలు చిరిగిపోతున్నాయి. ఆ వల ఖరీదు జాలిపడ్డవాళ్లు కట్టరు.

మీ ఏరు ఎలా ఉందో తెలుసుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు, ఆ సంగతి చెప్పి ముగిస్తాను. నీటి శాంపిల్ సీసాలో పట్టి పరీక్ష చేస్తే ఆ క్షణం సంగతే తెలుస్తుంది. ఫ్యాక్టరీవాళ్లు రాత్రి వదిలి పొద్దున్న ఆపేస్తే సీసాకు దొరకదు. కానీ రాయి కింద ఆరు నెలలుగా ఉన్న పురుగుకు అన్ని రాత్రులూ తెలుసు. అందుకే బ్రిటన్‌లో బీఎండబ్ల్యూపీ అని ఒక స్కోరు పద్ధతి పెట్టారు. ఏ కుటుంబానికి చెందిన జీవి దొరికిందో చూసి 1 నుంచి 10 దాకా మార్కులు. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా దీన్ని ఆధారం చేసుకుని నదులను పరిశీలించింది.

వానలు తగ్గి నీరు తేటపడ్డాక, పిక్కల లోతు కూడా లేని చోట, పిడికిలంత రాయి ఒకటి తీసి అడుగు భాగం చూడండి. మూడు తోకలు, పొట్టకు అటూ ఇటూ ఆకుల్లాంటి మొప్పలు ఉన్న పురుగు పరిగెడుతుంటే అది మేఫ్లై పిల్ల. అందులో కొన్ని కుటుంబాలకు పదికి పది మార్కులు. ఇసుక రేణువులు అంటించుకున్న చిన్న గొట్టం కనిపిస్తే క్యాడిస్ ఫ్లై ఇల్లు, అదీ మంచి సంకేతమే. రాయి కింద ఎర్రటి సన్న పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే ఆలోచించాల్సిందే. అవి కైరోనొమిడ్ పిల్లలు. మన రక్తంలో ఉన్నట్టే వాటిలోనూ హిమోగ్లోబిన్ ఉంటుంది, అందుకే ఆ ఎరుపు. ప్రాణవాయువు దాదాపు లేని నీటిలోనూ అవి నెట్టుకొస్తాయి. వాటి స్కోరు 2. మంచి నీటిలోనూ అవి ఉంటాయి, అది తప్పు కాదు. వాళ్లు మాత్రమే మిగలడం తప్పు. చేపలు బతికి పిల్లలు పెట్టాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండాలన్నది మన ప్రమాణం. హైదరాబాద్ నడిబొడ్డున మూసీలో రాయి ఎత్తితే ఏం కనిపిస్తుందో మీరే ఊహించుకోండి. అక్కడ చెయ్యి పెట్టమని మాత్రం నేను చెప్పను.

చూశాక రాయిని తీసిన చోటే, తీసిన వైపే మళ్లీ పెట్టండి. తలకిందులుగా పెడితే చీకటిలో ఉండేవాళ్లు ఎండలో పడతారు. ఫొటో తీస్తే పక్కన ఒక రూపాయి నాణెం పెట్టి తియ్యండి, సైజు తెలుస్తుంది. పిల్లలను తీసుకెళ్తే ఒడ్డు వదలనివ్వకండి, పై నుంచి నీళ్లు వదిలే ప్రాజెక్టు ఉన్న చోట అసలు దిగొద్దు.

వచ్చే ఎపిసోడ్‌లో కోరింగ మడ అడవుల పీతల దగ్గరికి వెళ్దాం. ఉంటాను.